పల్లె ఇంట్లో బస: కుటుంబమంతా అతిథులుగా మెలగడం

ఒకప్పుడు వేసవి సెలవులంటే అమ్మమ్మగారి ఊరే. ఇప్పుడు చాలా కుటుంబాల్లో అమ్మమ్మే పట్నంలోని ఫ్లాటుకు వచ్చేసింది. ఊళ్లో ఇల్లు అమ్మేశారు, లేదా తాళం వేసి ఉంది. పిల్లలకు తెల్లవారుజామున కోడికూత వినిపించాలన్నా, పాలు పితకడం చూపించాలన్నా, చెట్టు మీది కాయను వాళ్ల చేతే కోయించాలన్నా, డబ్బు కట్టి మరొకరి ఇంట్లో దిగాల్సిన రోజులు వచ్చాయి. హోమ్‌స్టే అనండి, ఫార్మ్‌స్టే అనండి, అందులో చిన్నతనమేమీ లేదు. తెగిపోయిన ఊరి సంబంధాన్ని పిల్లల కోసం ఏదో ఒక దారిలో నిలబెట్టాలని చూసే తల్లిదండ్రులంటే నాకు గౌరవం.

అయితే బయల్దేరే ముందే ఒక విషయం తేల్చుకోవాలి. అమ్మమ్మ ఇంట్లో మనం సొంతవాళ్లం. హోటల్లో కస్టమర్లం. ఇక్కడ ఆ రెండూ కాము. డబ్బు కడతాం, కానీ మనం పడుకున్న గదికి పక్క గదిలోనే ఆ ఇంటి పిల్లలు హోంవర్కు చేసుకుంటూ ఉంటారు. మనం అడిగిన టీ పెట్టేది వెయిటరు కాదు, పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కున్న ఇల్లాలు. ఇలాంటి ప్రయాణాలు చెడిపోయిన ఇళ్లలో సంగతులు వింటే, గది బాగాలేకో తిండి నచ్చకో చెడినవి తక్కువ. ఇంటిల్లిపాదీ కస్టమర్లుగా బయల్దేరి, తీరా ఒకరి ఇంట్లో దిగడం వల్ల చెడినవే ఎక్కువ. అతిథిగా ఉండటం ఎవరైనా నేర్చుకోగల విద్య. రెండు మూడు రోజుల బస దానికి మంచి బడి.

ఈ అధ్యాయానికి అరకు ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. విశాఖపట్నం నుంచి రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు, సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వస్తుంది. మీరు కోనసీమ కొబ్బరితోటకు వెళ్లినా, కొడగు కాఫీ ఎస్టేటుకు వెళ్లినా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ఫొటోల కంటే ముందు ఫోను

ఇల్లు ఎంచుకునేటప్పుడు ఫొటోలు చివర చూడండి. ముందు ఫోన్ చేసి మాట్లాడండి. మొదటి ప్రశ్న: “మీరు ఆ ఇంట్లోనే ఉంటారా అండీ?” కేంద్ర పర్యాటక శాఖ ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ పేరుతో ఇలాంటి ఇళ్లను గుర్తించే పథకం పెట్టింది. సదుపాయాలను బట్టి గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు. గదులు 1 నుంచి 6 వరకు ఉండొచ్చు, మంచాలు 12కు మించకూడదు, యజమాని కుటుంబం అక్కడే నివసించాలి. ఈ చివరి షరతే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. “కేర్‌టేకర్ ఉంటాడండీ, ఏం కావాలన్నా చూసుకుంటాడు” అన్న జవాబు వస్తే, అది పొలంలో కట్టిన లాడ్జి. అదీ మంచిదే కావచ్చు. మీరు వెతుకుతున్న అనుభవం మాత్రం అక్కడ దొరకదు.

అరకు లాంటి ఏజెన్సీ ప్రాంతానికి వెళ్లేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి: ఇల్లెవరిది? షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1/70 చట్టం కాపాడుతుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో గట్టిపరచగా ఆ పేరు నిలిచింది. అయినా కాగితం మీద ఒకరి పేరు, లాభం మరొకరి జేబులో అన్న ఫిర్యాదులు అక్కడ ఎప్పటినుంచో ఉన్నవే. గిరిజన కుటుంబం తన నేల మీద తానే నడుపుకుంటున్న ఇల్లు దొరికితే, అద్దె కాస్త ఎక్కువైనా దాన్నే ఎంచుకోమంటాను. మన డబ్బు ఆ లోయలోనే నిలుస్తుంది. మన పిల్లలు ఆ నేల మనుషులతోనే మాట్లాడతారు. ఇది తెలుసుకోవడానికి విచారణాధికారిలా ప్రశ్నించనక్కర్లేదు. “మీది ఈ ఊరేనా అన్నా? కాఫీ తోట కూడా మీదేనా?” అంటే చాలు. తోట సొంతమైన మనిషి ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకోడు.

ఇక మరుగుదొడ్డి సంగతి. చాలామంది మొహమాటంతో ఈ ప్రశ్న మింగేస్తారు. నేను మాత్రం బసలో సగం సుఖం దీని మీదే ఆధారపడుతుందని చెబుతాను. అమ్మకు మోకాళ్ల నొప్పులుంటే, కింద కూర్చునే లెట్రిన్ మాత్రమే ఉన్న ఇంట్లో ఆమె నీళ్లు తాగడం తగ్గించేస్తుంది, పైకి ఏమీ చెప్పదు, రెండో రోజుకు నీరసపడుతుంది. అంతా “అమ్మకు ఈ ప్రయాణం పడలేదు” అనుకుంటారు. కాబట్టి నేరుగా అడగండి: వెస్టర్న్ కమోడ్ ఉందా, గదికి ఆనుకునే ఉందా, పెరట్లోకి నడవాలా, దారిలో లైటు ఉందా, మెట్లెన్ని? కమోడ్ లేకపోతే బస మానుకోనక్కర్లేదు. మెడికల్ షాపుల్లో మడతపెట్టుకునే కమోడ్ కుర్చీలు దొరుకుతాయి. కారులో వెళ్లేవాళ్లు ఒకటి వేసుకుపోతే ఆ పెద్దావిడ మూడు రోజులూ నిశ్చింతగా ఉంటుంది.

వేడినీళ్ల గురించి కూడా అడగండి. డిసెంబరు, జనవరిలో అరకు చలి పట్నం పిల్లలకు కొత్త. గీజరు లేని ఇంట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాస్తారు. అంటే నలుగురికీ ఒకేసారి రావు, వరసగా వస్తాయి. ఆ వరస ముందే తెలిసి ఉంటే అది ముచ్చటగా ఉంటుంది, తెలియకపోతే తగువుకు దారి తీస్తుంది. కరెంటు పోతే ఏముంది, సిగ్నల్ ఏ నెట్‌వర్క్‌ది వస్తుంది, కారు ఇంటిదాకా వస్తుందా, దోమతెరలు ఉన్నాయా అన్నవి రెండు నిమిషాల్లో తేలే ప్రశ్నలు. అమెరికా నుంచి వచ్చిన మనవలు వెంట ఉంటే ఫోన్లోనే చెప్పండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బస చేస్తే ఆ వివరాలను 24 గంటల్లోగా అధికారులకు తెలపాల్సిన బాధ్యత ఇంటివాళ్లది. ఆఖరి నిమిషంలో తెలిస్తే ఇబ్బంది పడేది వాళ్లే.

ఏ రోజుల్లో వెళ్లాలన్నదీ ఆ ఫోన్లోనే తేలుతుంది. వలిసె పూలు పచ్చగా విచ్చుకునే నవంబరు, డిసెంబరుల్లో శని, ఆదివారాలు ఘాట్ రోడ్డంతా బళ్లే. వీలైతే సోమవారం దిగి బుధవారం బయల్దేరండి. ఇంటివాళ్లకు తీరిక ఉంటుంది, మనతో మాట్లాడతారు. కోనసీమకైతే జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద వార్తలు చూసుకోవాలి. లంకల్లో పడవ ఆగిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. సంక్రాంతికి అక్కడ ఇళ్లన్నీ చుట్టాలతో నిండి ఉంటాయి. ప్రశాంతత కోరుకునే చిన్నపిల్లల కుటుంబానికి అది సరైన సమయం కాదు.

బయల్దేరే ముందు ఒక సాయంత్రం

భోజనాల దగ్గర అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. పిల్లలకు చెప్పాల్సినవి ఎక్కువేమీ లేవు. “మనం ఒకరి ఇంటికి వెళ్తున్నాం. అక్కడ టీవీ ఉండకపోవచ్చు. పెట్టిన దాంట్లో కొంచెమైనా రుచి చూడాలి, నచ్చకపోతే ‘చాలండీ’ అనాలి, ‘ఛీ’ అనకూడదు. అడక్కుండా ఏ గదిలోకీ వెళ్లకూడదు.” ఇంతే. ఎనిమిదేళ్ల పిల్లకు ఇది పూర్తిగా అర్థమవుతుంది. పదిహేనేళ్ల అబ్బాయితో వేరేగా మాట్లాడాలి. సిగ్నల్ ఉండదని వాడికి అక్కడికెళ్లాక తెలిస్తే మోసపోయినట్టు బాధపడతాడు. ముందే చెప్పి, పాటలు డౌన్‌లోడ్ చేసుకోమనండి. ఒక బాధ్యత కూడా అప్పజెప్పండి. నానమ్మకు రాత్రిపూట టార్చిలైటు పట్టేది వాడే.

పెద్దవాళ్లలో తేలాల్సింది ఇంకొకటి ఉంది. మన ఇళ్లలో సెలవు అందరికీ వస్తుంది, అమ్మకు తప్ప. సర్దేది ఆమె, మందులు గుర్తుంచుకునేది ఆమె, అక్కడ దిగాక “వదినగారూ, నేను కాస్త కూరలు తరగనా” అని వంటింట్లోకి వెళ్లేదీ ఆమే. ఇష్టంతో వెళ్తే సంతోషం, మొహమాటంతో వెళ్లకూడదు. కాబట్టి పనులు ముందే పంచుకోండి. పిల్లల బట్టలు, మందులు నాన్న సర్దాలి. పిల్లలు ఎవరి బ్యాగు వాళ్లు మోసుకోవాలి. అమ్మ మాత్రం తన పుస్తకమో ఉన్ని దారమో పెట్టుకుంటే చాలు. ఒక ఇంటి ఇల్లాలి సెలవు కోసం మరో ఇంటి ఇల్లాలు మూడు పూటలా వంటింట్లో నిలబడుతుంది కదా, మరి ఈ సెలవు న్యాయమేనా అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఆమె పనికి డబ్బు, మర్యాద రెండూ అందితే న్యాయమే. అవి ఎలా అందాలో ముందుకెళ్తే చెబుతాను.

సామాను: టార్చి, తలా ఒక స్వెట్టరు, పొడుగు చేతుల చొక్కాలు, దోమల మందు, పాత చెప్పులు, నగదు. ఫోన్‌పే పనిచేయని చోట నగదే దిక్కు. చిప్స్, కూల్‌డ్రింకుల సంచి మాత్రం వద్దు. పిల్లల చేతికి ఆ సంచి అందితే ఆ ఇంటి తిండి వాళ్ల నోటికి అందదు. పైగా ఖాళీ ప్లాస్టిక్ కవర్లు ఆ వాగుల్లోనే మిగిలిపోతాయి.

ప్రయాణానికి రైలు మేలు. కొత్తవలస-కిరండోల్ మార్గంలో 50కి పైగా సొరంగాలున్నాయి, చీకటి వచ్చిన ప్రతిసారీ పిల్లలు కేకలు పెడతారు, ఘాట్ రోడ్డు మలుపుల్లో వచ్చే వాంతుల బాధా ఉండదు. కారే తప్పదంటే పొద్దున టిఫిను తేలిగ్గా తినిపించి, మలుపుల దగ్గర పిల్లల చేతిలో ఫోను లేకుండా చూడండి.

మొదటి సాయంత్రం

దిగగానే గది సర్దుకోవడం, ఛార్జింగ్ పాయింటు వెతకడం కాసేపు ఆపండి. వాకిట్లో కూర్చోండి. ఇంటివాళ్లు ఇచ్చిన నీళ్లు, టీ తాగండి. అందరి పేర్లూ తెలుసుకోండి, వాళ్ల పిల్లల పేర్లతో సహా. వరస కలుపుకోవడం మన పద్ధతి. పెద్దావిడను అమ్మా అని, ఇల్లాలిని వదినా అనో అక్కా అనో పిలవండి. పట్నం యాసలో “హలో, ఎక్స్‌క్యూజ్ మీ” అని పిలిస్తే ఆ ఇంట్లో ఎవరూ వెనక్కి తిరగరు. అక్కడి కుటుంబాలు ఇంట్లో ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో మాట్లాడుకోవచ్చు. తెలుగు వాళ్లకు రెండో భాష కావచ్చు. అందువల్ల జవాబులు పొడిగా వస్తే అది విసుగని అనుకోకండి.

ఆ తర్వాత మూడు విషయాలు అడగండి. ఇంట్లో ఎన్నింటికి లేస్తారు, ఎన్నింటికి పడుకుంటారు, మేము వెళ్లకూడని చోటు ఏది? రాత్రి తొమ్మిదికి పడుకుని తెల్లవారుజామున నాలుగున్నరకు లేచే ఇంట్లో, పదకొండు దాకా వరండాలో అంత్యాక్షరి ఆడటం పాపం. ఆ ఇంటి వేళకు మన వేళ మార్చుకోవాలి. మొదటి రాత్రి నిద్ర పట్టదు, రెండో రాత్రి అందరికంటే ముందు మీరే పడుకుంటారు. వెళ్లకూడని చోటు ఉంటుంది. దేవుడి మూల కావచ్చు, విత్తనాలు దాచిన గది కావచ్చు, ఈనిన ఆవు ఉన్న పాక కావచ్చు. అడిగితే గౌరవంగా చూపిస్తారు, అడక్కపోతే మొహమాటంతో ఊరుకుని మనసులో బాధపడతారు.

భద్రత గురించి ఆ సాయంత్రమే ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి. నుయ్యి ఎక్కడుంది, గట్టు ఉందా, వాగు ఎంత దూరం, ఇంటి కుక్క కరుస్తుందా? తెలిసిన మనిషి తోడు లేకుండా పిల్లలు వాగు వైపు వెళ్లకూడదన్నది సడలించరాని నియమం. కొండవాగుల బండలు నాచుతో జారిపోతాయి, పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ నీరు ఒక్కసారిగా పెరుగుతుంది. ‘అందరూ చూస్తున్నారులే’ అనుకున్నప్పుడే ఎవరూ చూడరు. అందుకని గంటకొకరు చొప్పున పెద్దవాళ్లు పేరు పెట్టుకుని కాపలా ఉండాలి. చీకటి పడ్డాక చెప్పులు, టార్చి లేకుండా ఎవరూ పెరట్లోకి దిగొద్దు. పొద్దున్నే బూట్లు దులిపి తొడుక్కోవాలి. పాము కాటేస్తే తాడు బిగించడం, కోసి పీల్చడం ప్రాణాలమీదికి తెస్తాయి. కాలూ చేయీ కదపనివ్వకుండా 108కు ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దగ్గరి ఆసుపత్రి ఏదో, ఎంత దూరమో ఇంటివాళ్లను ఆ సాయంత్రమే అడిగి రాసుకోండి.

ఆ ఇంటి తిండి

చాలా చోట్ల అద్దెలో కలిసి ఉండేది పొద్దుటి టిఫిను ఒక్కటే. మధ్యాహ్నం, రాత్రి భోజనాలు వేరుగా చెప్పుకోవాలి, అదీ ముందు రోజే చెప్పాలి. బజారు దూరం, ఫ్రిజ్ ఉండకపోవచ్చు, నాటుకోడిని పట్టుకోవడానికే ఒక పూట పట్టొచ్చు. బొంగులో చికెన్ కావాలంటే పచ్చి వెదురు కొట్టి తేవాలి, నిప్పుల మీద నిదానంగా తిప్పుతూ కాల్చాలి. పన్నెండున్నరకు అడిగి ఒంటిగంటకు ప్లేటులో కావాలంటే అయ్యే పని కాదు.

మీ ఇంట్లో దోసెలు తినే పిల్లల ముందు చోడి అంబలి పెడితే మొహం చిట్లిస్తారు. మొదటి పూట వాళ్లకు చిన్న గ్లాసుతో ఇవ్వండి, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిర్చి పెట్టుకుని మీరు ముందు తాగండి. బలవంతం వద్దు, పొగడ్తల ఆశ కూడా వద్దు. ఆకలి మిగతాది చూసుకుంటుంది. పొద్దున కొండెక్కి దిగిన పిల్లవాడు పది గంటలకు తనంతట తానే అడుగుతాడు. అక్కడ అడ్డాకుల విస్తళ్లు చూస్తే అవి ఎక్కడి నుంచి వచ్చాయో అడగమనండి. అడవిలో ఆకు కోసి, పుల్లలతో కుట్టి, సంతకు మోసుకెళ్లే శ్రమ ఉందని పిల్లలకు తెలిశాక, ఆకులో అన్నం వదిలేయడానికి వాళ్లకే మనసొప్పదు.

కారం తగ్గించమని అడగడంలో తప్పు లేదు. చంటిపిల్లకు పాలు, పెద్దాయనకు ఉప్పు తక్కువ పప్పు, ఎవరికైనా పడని పదార్థాలు ఉంటే ఇవన్నీ మొదటి రోజే చెప్పండి. కానీ ఆ ఇంట్లో పనీర్ బటర్ మసాలా కావాలని అడిగిన మనిషి అంత దూరం రానక్కర్లేదు. తాగునీళ్లు కాచి చల్లార్చినవి కావాలని అడగండి. మీ సీసాల్లో రాత్రే నింపుకోండి.

మధ్యాహ్నం మూడు గంటలు

రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి పిల్లలు వచ్చి “బోర్ కొడుతోంది” అంటారు. ఇది తప్పకుండా వచ్చే ఘడియ. ఈ బస మొత్తంలో నేను అన్నిటికంటే విలువైనదిగా చూసే ఘడియ కూడా ఇదే. సాధారణంగా అప్పుడు తండ్రి కారు తాళాలు తీస్తాడు. బొర్రా గుహలో, గార్డెనో, ఎక్కడో ఒకచోటికి బయల్దేరతారు. గుహలు చూడాల్సినవే, వాటికి వేరే పూట పెట్టుకోండి. ఈ పూట మాత్రం ఆగండి.

పట్నంలో మన పిల్లలకు ఖాళీ దొరకదు. బడి, ట్యూషను, స్విమ్మింగ్, ఫోను. ప్రతి గంటనూ ఎవరో ఒకరు వాళ్ల కోసం నింపి పెడుతున్నారు. తన గంటను తానే నింపుకోవడం వాళ్లకు అలవాటు లేదు. అందుకే మొదటి అరగంట విసుగ్గా, కోపంగా గడుస్తుంది. తల్లిదండ్రులు ఆ అరగంటను భరించగలిగితే పిల్లలు లేచి ఏదో ఒకటి మొదలుపెడతారు. మేకపిల్ల వెనకాల పోతారు, రాళ్లు పేరుస్తారు, ఆ ఇంటి అబ్బాయి దగ్గర గోలీలు నేర్చుకుంటారు. ఆ అరగంటలో మీరు చేయాల్సింది ఒక్కటే. మీ ఫోను కూడా లోపల పెట్టి వాకిట్లో ఊరికే కూర్చోవాలి. మీరు స్క్రీను చూస్తూ వాళ్లను చెట్లు చూడమంటే వినరు. భార్యాభర్తలకు కూడా ఆ ఖాళీ మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. ఇంటి ఈఎంఐ, ఆఫీసు గొడవలు మాట్లాడేశాక ఇంకేం మాట్లాడాలో తోచదు. ఆ మౌనానికి భయపడకండి. ఎప్పటివో మాటలు దాని తర్వాతే వస్తాయి.

పని చూడటం, పని పట్టడం

అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ తోటలో నడిచే అవకాశం దొరికితే వదులుకోవద్దు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే ఎగబాకిన మిరియాల తీగలు కనిపిస్తాయి. నవంబరు నుంచి పండు కోత సాగుతుంది. ఎర్రగా పండిన కాయనే కోయాలి, పచ్చిది వదలాలి. ఇది చూసి నేర్చుకోవాల్సిన పని. పిల్లల చేతికి ఒక చిన్న బుట్ట ఇచ్చి “ఎర్రవి మాత్రమే” అంటే గంటసేపు శ్రద్ధగా కోస్తారు. పండు చిదిమితే రెండు గింజలు, చుట్టూ తియ్యటి జిగురు. పైతోలు తీసి, జిగురు పోయేలా కడిగి, రోజుల తరబడి ఎండలో తిప్పుతూ ఆరబెట్టాలి. కిలో గింజ కావాలంటే 5, 6 కిలోల పండు కోయాలి. ఈ లెక్కను మీరు చెప్పకండి, ఆ ఇంటాయన్నే అడగమనండి. తన పని గురించి చెప్పే మనిషి ముందు పిల్లలు కూర్చుని వినడం వాళ్లిద్దరికీ మంచిది.

ఒక జాగ్రత్త. వాళ్ల పని మనకు ఆట వస్తువు కాకూడదు. ఆరబోసిన గింజల మీద నడవకూడదు. పచ్చికాయలు సరదాగా తెంపకూడదు. కోత రోజుల్లో కూలీల లెక్క, ఎండ లెక్క వాళ్లకు ఉంటాయి. “మేం వస్తే మీ పనికి అడ్డమా?” అని అడిగి, అడ్డమంటే వెనక్కి రావాలి. ఫొటోల విషయంలోనూ అంతే. వంట చేస్తున్న ఆడవాళ్లను, స్నానాల చోటును, ఆ ఇంటి పిల్లలను అడక్కుండా తీయకండి. అడిగి తీసినా, ఇంటర్నెట్‌లో పెట్టేముందు మళ్లీ అడగండి. థింసా ఆడించమని కోరేవాళ్లకు ఒక మాట: అది పండగలకూ పెళ్లిళ్లకూ ఊరంతా చేయీ చేయీ పట్టుకుని ఆడే ఆట. డబ్బిచ్చి పిలిపించొచ్చు, బృందాలు వస్తాయి. వస్తే కుర్చీల్లో కూర్చుని వీడియో తీయడం మాని, రమ్మంటే లేచి వరసలో కలవండి.

డబ్బు, వీడ్కోలు

ఒప్పుకున్న అద్దెను చివరి ఉదయం బేరమాడటం అన్యాయం. ఏదైనా లోపం ఉంటే అది జరిగిన పూటే మెత్తగా చెప్పండి: “వదినా, రాత్రి దుప్పటి సరిపోలేదు, ఇంకొకటి ఉందా?” చెప్పిన వెంటనే సరిచేసే అవకాశం వాళ్లకు దొరుకుతుంది. ఇంటికొచ్చాక రెండు నక్షత్రాల రివ్యూ రాస్తే ఎవరికీ ఏమీ ఒరగదు. భోజనాల డబ్బు, వీలైతే, వండిన మనిషి చేతికే ఇవ్వండి. అందరూ నిలబడి ఆమెకు పేరు పెట్టి చెప్పండి, ఏ కూర బాగుందో, ఎవరు రెండోసారి వడ్డించుకున్నారో. ఇంతకుముందు నేనన్న మర్యాద అంటే ఇదే. ఆ ఇంటి పిల్లలకు డబ్బు, చాక్లెట్లు పంచిపెట్టే అలవాటు మాత్రం మంచిది కాదు. వచ్చే ప్రతి కారు ముందూ చేయి చాపడం వాళ్లకు మనమే నేర్పినట్టవుతుంది. మీ పిల్లలు తమ కథల పుస్తకం ఒకటి స్నేహితుడికి ఇస్తామంటే ఇవ్వనివ్వండి. తేనె, మిరియాలు, పసుపు, కాఫీ కొనాలనుంటే ఆ ఇంట్లోనో ఆ ఊళ్లోనో కొనండి, వాళ్లు చెప్పిన ధరకు.

తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లోపు ఎవరికైనా జ్వరం వస్తే, మామూలు జలుబు జ్వరమని వదిలేయకండి. ఏజెన్సీలో మలేరియా ఉంది. పొదల్లోని నల్లుల్లాంటి చిన్న పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా ఉంటుంది, కుట్టిన చోట నల్లటి పొక్కు కనిపించొచ్చు. “ఫలానా తేదీల్లో కొండప్రాంతంలో ఉన్నాం” అని డాక్టరుకు మీరే చెప్పాలి. ఆ ఒక్క మాటతో సరైన రక్తపరీక్ష తొందరగా జరుగుతుంది.

చివరగా, వచ్చే సెలవులకు కొత్త చోటు వెతికేముందు పాత ఇంటి నంబరు తీయమంటాను. ఏడాదికొక రాష్ట్రం చూసిన పిల్లలకు చాలా ఫొటోలు ఉంటాయి. ఒకే ఇంటికి రెండు మూడు సార్లు వెళ్లిన పిల్లలకు అక్కడ తెలిసిన మనుషులు ఉంటారు. పోయినసారి పాలు తాగిన దూడ ఈసారి ఆవు. పోయినసారి బడికి వెళ్లనన్న పిల్ల ఈసారి హాస్టల్లో ఉంది. కాలం కూడా మార్చుకోండి. నవంబరులో కోతకు వెళ్లినవాళ్లు ఈసారి మార్చి, ఏప్రిల్‌లో, మొదటి వానజల్లు పడ్డాక వెళ్తే కాఫీ పూత చూస్తారు. తోటంతా ఒక్కసారే తెల్లబడుతుంది, మల్లెపూల వాసన వేస్తుంది. కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి తేదీ మీరు నిర్ణయించలేరు. మధ్యవర్తి యాప్ కూడా ఆ తేదీ చెప్పలేదు. నేరుగా ఆ ఇంటికి ఫోన్ చేసి “వాన పడిందా అన్నా? పూత ఎప్పుడొస్తుందంటారు?” అని అడగాలి, వాళ్లు చెప్పిన వారానికి సెలవు పెట్టుకోవాలి.